షికాగోయా, హ్యూస్టనా: ఒక ఏకగ్రీవ తీర్మానం

1981 వసంత కాలంలో షికాగో తెలుగు సంఘం కార్యవర్గం సమావేశమై, మానవ నివాసానికి షికాగో మేలా, హ్యూస్టన్ మేలా అనే సంగతిని శాశ్వతంగా తేల్చిపారెయ్యాలని నిర్ణయించింది. ఇది తేలకుండానే లక్షలాది అమెరికన్లు ఆ రెండు ఊళ్ళలోనూ కాపురాలు చేసుకుంటున్నారు. వాళ్ళకు సంఘం లేదు, పాపం.

ఇంత పెద్ద ప్రశ్న పుట్టడానికి కారణం షికాగో శివారు షామ్‌బర్గ్‌లో కాపురముంటున్న దామోదర్. ఆయనకు హ్యూస్టన్‌లో ఒక చమురు కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. పని పైపుల డ్రాయింగులు గీయడం. షామ్‌బర్గ్‌లోనూ ఆయన గీస్తున్నది పైపులే. కాకపోతే ఇక్కడి పైపుల్లో నీళ్ళు పారతాయి, అక్కడి పైపుల్లో నూనె పారుతుంది. అందుకని అక్కడి పైపులకు గౌరవం ఎక్కువ.

ఊరు మారాలా వద్దా అన్నది ఇంట్లో ఆలుమగలు కూర్చుని తేల్చుకునే చిన్న విషయమని మీరు అనుకోవచ్చు. మనవాళ్ళలో ఆ అలవాటు లేదు. శనివారం రాత్రి తలా ఒక వంటకం తెచ్చుకుని ఎవరింట్లోనో చేరి, మగవాళ్ళు హాల్లోనూ ఆడవాళ్ళు కిచెన్‌లోనూ కూర్చుని తేలుస్తారు. ఎవరు ఏ కారు కొనాలో, ఎవరి పిల్ల పళ్ళకు క్లిప్పులు వేయించాలో అక్కడే ఖాయమవుతుంది.

దామోదర్ భార్య సుమతి గుంటూరులో డాక్టరీ చదివింది. అమెరికా వచ్చాక, విదేశీ డాక్టర్లకు పెట్టే పరీక్ష రెండుసార్లు తప్పింది. ఒక చేత్తో పప్పు గరిటె, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదివి, మూడోసారి గట్టెక్కింది. షికాగోలో ఒక పెద్ద ఆస్పత్రి పిల్లల వైద్యం శిక్షణకు రెసిడెన్సీ సీటు ఇచ్చి, జూలైలో చేరమంది. ఆ ఉత్తరం వచ్చిన రోజున సుమతి బాత్‌రూమ్ తలుపేసుకుని సంతోషం పట్టలేక ఏడ్చింది. ఈ సీటు వదులుకుంటే మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఆమెకు లేదు.

"ఏవండీ, మరి నా రెసిడెన్సీ సంగతి?" అని భర్తను అడిగింది.

"అదీ ఒక పాయింటే. అజెండాలో పెట్టిస్తాలే," అన్నాడు దామోదర్, ఎంతో ఉదారంగా.

సంఘం అధ్యక్షుడు రాజగోపాల్ వృత్తిరీత్యా మత్తు డాక్టరు. ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రెసిడెన్సీ అనేది కుటుంబ విషయం కనక సభలో ప్రస్తావించడం మర్యాద కాదని ఆయన తీర్పు చెప్పాడు. వాతావరణం, ఇళ్ళు, స్కూళ్ళు, కూరగాయలు అనే నాలుగు అంశాలు చర్చకు ఖరారయ్యాయి.

సభ ఒక స్కూలు కెఫెటేరియాలో జరిగింది. షికాగోను పొగిడేవాళ్ళు ఒక పక్క, హ్యూస్టన్‌ను పొగిడేవాళ్ళు ఒక పక్క అని కుర్చీలు వేశారు. షికాగో పక్క కుర్చీలన్నీ ఖాళీగా ఉండిపోయాయి.

"సోదర సోదరీమణులారా!" అన్నాడు రాజగోపాల్. "పదేళ్ళ బట్టీ ఈ స్నోలో పడి బతుకుతున్నాం. ఇదీ ఒక లైఫేనా? మన కారెక్కడుందో తెలీక, పక్కవాడి కారు మీద స్నో అంతా షవల్ చేసి, తీరా చూసి ఏడ్చినవాళ్ళం మనం! హ్యూస్టన్‌లో జనవరిలో కూడా లుంగీ కట్టుకుని లాన్ మో చేసుకోవచ్చుట! అలాంటి స్వర్గానికి మన దామోదర్ గారు వెళ్తానంటే, ఆపడానికి మనమెవరం? స్వార్థం కాకపోతే!"

చప్పట్లతో కెఫెటేరియా దద్దరిల్లింది. తాము పుట్టి బుద్ధెరిగాక ఏ ఊరినీ ఇంతగా తిట్టి ఎరగనివాళ్ళు కూడా లేచి షికాగోను తిట్టారు. అంత మంది అంత ఇష్టంగా తిట్టుకున్న ఆ ఊరిని వదిలి వెళ్ళే ఉద్దేశం వాళ్ళలో ఒక్కరికీ లేదు.

ఈ త్యాగబుద్ధికి కారణం సుమతికి తెలుసు. దామోదర్‌కి ఒక హార్మోనియం ఉంది. పుట్టినరోజైనా, గృహప్రవేశమైనా, పరామర్శైనా, ఆయన దాన్ని కారు డిక్కీలోంచి దించి, పౌరాణిక పద్యాలు అందుకుంటాడు. ఒక్కో రాగం తీశాడంటే వడ్డించిన అన్నం చల్లారిపోతుంది. పైగా వచ్చే ఏడు సంఘం అధ్యక్ష పదవికి నిలబడతానని కూడా అంటున్నాడు. కర్ర విరగకుండా పాము చావడానికి హ్యూస్టన్‌ను మించిన మందు లేదు.

పద్మిని, అంటే రాజగోపాల్ భార్య, సుమతిని కెఫెటేరియా కిచెన్ మూలకు లాగి అభినందించింది. "నీకేం సుమతీ, హాయిగా సన్‌షైన్‌లోకి పోతున్నావ్! నాకా చాన్సొస్తే ఈపాటికి ప్యాక్ చేసేసేదాన్ని."

"నాకిక్కడ హాస్పిటల్లో సీటొచ్చిందండీ."

"ఔనా? కంగ్రాట్స్! అక్కడా ఉంటాయిలే హాస్పిటల్స్. ఇంతకీ పులిహోరలో ఇంగువ వేశావా, మర్చిపోయావా?"

చర్చలో నిష్పాక్షికత ఉండాలని మే నెలలో దామోదర్ భార్యను వెంటబెట్టుకుని హ్యూస్టన్ వెళ్ళాడు. అక్కడి సంఘం పెద్ద రామమోహన్ ఎయిర్‌పోర్ట్‌కే ఎదురొచ్చాడు. హార్మోనియం కబురు ఫోన్లో వాళ్ళకంటే ముందే వచ్చి చేరింది. హ్యూస్టన్ తెలుగువాళ్ళలో అప్పటికే ఒక కవి ఉన్నాడు. రెండో కళాకారుణ్ణి తట్టుకునే శక్తి ఆ మహానగరానికి లేదు.

"వద్దండి బాబూ, మా మాట వినండి," అన్నాడు రామమోహన్ కార్లోనే మొదలుపెట్టి. "ఇక్కడ హ్యుమిడిటీకి పొద్దున తొడిగిన చొక్కా కారెక్కేలోపు పిండుకోవాల. బొద్దింకలు ఎగురుతాయండీ! షికాగో అంటే మాటలా? లేక్ ఉంది, మ్యూజియాలున్నాయి, ఇండియన్ షాపులతో ఒక వీధి వీధే ఉంది. మీరు దేవలోకంలో ఉన్నారు సార్, కదలకండి."

 ఈ ఊరివాళ్ళు ఆ ఊరిని, ఆ ఊరివాళ్ళు ఈ ఊరిని మెచ్చుకోవడంలో దామోదర్‌కి తెలుగుజాతి సంస్కారం కనబడింది.

"మీకేమీ అనుమానం రావట్లేదా?" అంది సుమతి.

"దేనికి? ఎంత సెల్ఫ్‌లెస్ మనుషులో చూడు!" అన్నాడాయన.

రెండు రోజుల్లో వాళ్ళకు హ్యూస్టన్ నగరం యావత్తూ చూపించారు. అనగా రామమోహన్ హాలు, ఇంకో తెలుగాయన హాలు, చల్లగా ఉండే ఒక మాల్ చూపించారు. దామోదర్ ఎనిమిదేళ్ళలో షికాగోను చూసింది కూడా ఇంతే కనక, పోలికకు ఆధారాలు సరిసమానంగా ఉన్నాయి. వెళ్ళే రోజు ఉదయం ఆయన రామమోహన్ పెరట్లోకి అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయాడు. పెరట్లో కరివేపాకు చెట్టు ఇంటి కప్పును తాకుతోంది.

షికాగోలో కరివేపాకంటే కుండీలో, హీటర్ పక్కన, కన్నబిడ్డకన్న జాగ్రత్తగా పెంచినా మార్చికల్లా రాలిపోయే వస్తువు. ఒక రెబ్బ అడిగితే స్నేహాలు చెడిపోతాయి. దామోదర్ నాలుగు ఆకులు తుంచి నలిపి వాసన చూశాడు. ఆయన ముఖం చూడగానే సుమతి గుండె జారిపోయింది. పక్కన రామమోహన్‌కి కూడా జారిపోయింది, ఆయన కారణం వేరు.

"డిసైడైపోయాను," అన్నాడు దామోదర్ విమానంలో. "నీ రెసిడెన్సీ ఎక్కడైనా దొరుకుతుంది సుమతీ. కరివేపాకు అలా కాదు."

 కోపం కన్నా ముందు సుమతికి సిగ్గేసింది, ఇన్నాళ్ళూ ఈ మాట వినడానికేనా ఎదురుచూశాను అని. తరువాత కోపం వచ్చింది. విమానం దిగేముందు, "మీరు వెళ్ళండి. పోపుల్లోకి నాకు అప్పుడప్పుడూ రెండు రెబ్బలు పోస్టులో పంపించండి. నేను రాను," అంది.

జూన్‌లో ఆమె ఆస్పత్రి పక్కనే ఒక గది అద్దెకు తీసుకుంది. దామోదర్ హార్మోనియం వేసుకుని హ్యూస్టన్ చేరాడు.

అంతవరకు ఎండ గురించి, వాన గురించి, ఆవకాయలో నూనె గురించి కూడా ఏకాభిప్రాయానికి రాని రెండు నగరాలూ ఒక్క వారాంతంలో ఒక్క మాట మీదకు వచ్చాయి. తప్పు సుమతిది. "సంసారమంటే అడ్జస్ట్‌మెంట్ అమ్మా," అని జూలైలో రాజగోపాల్ ఆమెకు ఫోన్ చేసి ఎంతో సేపు నచ్చజెప్పాడు. ఆయన ఫోన్ చేసే సమయానికి ఆమె ఆస్పత్రిలో రాత్రంతా మేలుకుని వచ్చింది. ఆయన వృత్తి గౌరవాన్ని నిలబెడుతూ, మాటల మధ్యలోనే నిద్రపోయింది.

హ్యూస్టన్ మాత్రం దామోదర్‌ని కడుపులో పెట్టుకుంది. వారానికి ఒక ఇల్లు చొప్పున వంతులు వేసుకుని ఆయనకు క్యారియర్లు పంపుతున్నారు. పద్యం అందుకుంటే, పాపం దుఃఖంతో పాడుతున్నాడని కళ్ళొత్తుకుని వింటున్నారు. "ఎవరు వండిపెడుతున్నారో ఏమో ఆయనకి!" అని షికాగోలో ప్రతి శనివారం కిచెన్‌లోనూ, హాల్లోనూ కూడా నిట్టూరుస్తున్నారు. మీకూ ఈపాటికి ఆ బెంగ పట్టుకునే ఉంటుంది. నిశ్చింతగా ఉండండి, ఆయన కాస్త ఒళ్ళు చేశాడు.

పగలూ రాత్రీ కలిపి డ్యూటీ చేసి వచ్చి, సింకు దగ్గర నిలబడే బ్రెడ్డు ముక్క తింటున్న సుమతికి ఎవరు వండిపెడుతున్నారని అడిగినవాళ్ళు మాత్రం షికాగోలో లేరు, హ్యూస్టన్‌లోనూ లేరు. మీ ఊళ్ళో ఎవరైనా అడిగి ఉంటే చెప్పండి. మానవ నివాసానికి ఆ ఊరే ఉత్తమమని తీర్మానం రాసేసుకుందాం.