పన్నెండు మాటల తాళం

మనిషిని మనిషి నమ్మాల్సిన అగత్యం ఇకమీదట రద్దయిందని పేటలోని సమావేశ మందిరంలో ప్రకటించారు. ప్రకటించినవాడు నమ్మక నివారణ అధికారి. క్రిప్టో అంటే ఏమిటో కొత్తవారికి చెప్పడం ఆయన విధి. ఈ సొమ్ము బ్యాంకులో ఉండదనీ, బీరువాలో ఉండదనీ, దాని లెక్క మాత్రం వేల కంప్యూటర్లలో ఒకేసారి ఉంటుందనీ, తాళంచెవికి బదులు పన్నెండు మాటలు ఇస్తారనీ ఆయన వివరించాడు. ఆ మాటలు పరాయివాళ్లకు చెప్పకూడదు. మరిచిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. (ఫిర్యాదులకు కిటికీ పెడితే దాని వెనక మనిషి కూర్చోవాలి; మనిషి కూర్చుంటే మళ్లీ నమ్మాలి. అందుకని గోడ కట్టేశారు.)

ఇస్త్రీ దుకాణం దంపతులు ముందు వరసలో కూర్చుని విన్నారు. పేటంతా వాళ్లను పిన్ని, బాబాయి అంటుంది. ఇద్దరి పొదుపూ అందులో వేద్దామని పట్టుబట్టింది పిన్నే. క్రిప్టో మీద మోజుండి కాదు. బాబాయితో పొసగక, తన వాటా తీసుకుని అక్క దగ్గరకు వెళ్లిపోవాలనుకుంటోంది. అందాకా సొమ్ము ఆయన ఒక్కడి చేతికే చిక్కకూడదు. ఈ సంగతి తెలిసిన బాబాయి, ఆమె ఒక్కదాని చేతికే చిక్కకూడదనుకున్నాడు. కాపురంలో వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

మాటలు పంచుకున్నారు. ఒకటి, మూడు, అయిదు అలా ఆమెకు. రెండు, నాలుగు, ఆరు అలా ఆయనకు. ఒకరు బట్టీపడుతుంటే మరొకరు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

క్రిప్టో ధర పెరిగిన రోజున పిన్ని బట్టలు సర్దుకుంది. సొమ్ము బయటికి తీయాలంటే పన్నెండు మాటలూ వరసగా ఫోన్లో కొట్టాలి కనుక, దుకాణం మధ్యలో దుప్పటి కట్టారు. ఫోన్లో అక్షరాలకు బదులు చుక్కలే పడుతున్నా జాగ్రత్త జాగ్రత్తే. ఒకరు తమ మాట కొట్టి, ఇస్త్రీ బల్ల కింది నుంచి ఫోన్ అవతలికి తోస్తున్నారు. ఎనిమిదో మాట దగ్గర అవతల అలికిడి ఆగిపోయింది.

"మర్చిపోయానే," అన్నాడు బాబాయి.

పిన్ని నమ్మలేదు. ఏ ఇంటి చొక్కాకు ఏ గుండీ ఊడిందో కళ్లు మూసుకుని చెప్పే మనిషి ఆయన.

"ఏమయ్యా, కావాలనే కదూ?"

"గుర్తొచ్చేదాకా ఉండరాదూ."

ఉండక చేసేదేముంది? సర్దిన బట్టల సంచి తలుపు వెనక పెట్టింది (తాత్కాలికంగా). ఇంతలో బాబాయికి జ్వరం వచ్చింది. ఆయన మూలుగుతూ పడుకుంటే, తిట్టుకుంటూనే గంజి కాచింది. ఆయన వంతు బట్టలు కూడా తనే ఇస్త్రీ చేసింది. ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదోనని మాటిమాటికీ వెళ్లి చూసింది.

జ్వరం దిగాక బాబాయి బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఎనిమిదోది గుర్తొచ్చిందే. కొట్టేయనా? మీ అక్క ఎదురుచూస్తుంటుంది."

పిన్ని చేతిలోని చొక్కా తిరగేసి, కాలరు మీద ఇస్త్రీపెట్టె గట్టిగా అదిమింది.

"ఇప్పుడు నా తొమ్మిదోది పోయిందయ్యా."

సొమ్ము కదలకుండా ఉన్నందుకు అధికారి సంతోషించి, తర్వాతి తరగతికి వాళ్లిద్దరినీ వేదిక మీదకు పిలిచాడు. ఒకరినొకరు బొత్తిగా నమ్మకుండా కాపురం నిలబెట్టుకున్న దంపతులని పరిచయం చేశాడు. హాలులోని జంటలన్నీ లేచి చప్పట్లు కొట్టాయి.