కత్తెర కాళ్ల కచేరీ

ప్రభుత్వమంటే నేలకు మూడడుగుల ఎత్తున ఆగిన ఒక చెక్క. తక్కినదంతా దాని మీద జరిగే సంతకాలు. ఆ చెక్క ఎందుకు కింద పడటం లేదని మాత్రం ఎవరూ ఆలోచించరు. ఆలోచిస్తే భయం వేస్తుంది.

పోలీస్ యాక్షన్ తర్వాత సికింద్రాబాద్‌కు కొత్త ప్రభుత్వం వచ్చింది గానీ రాంగోపాల్‌పేట్‌లోని ఓ పర్మిట్ కచేరీకి బల్ల రాలేదు. పాత తలుపొకటి దొరికింది. దాని కింద పెట్టడానికి పక్క మసీదులోంచి, కత్తెరలా బిగించిన కొయ్యకాళ్ల జతను జప్తు చేశారు. (జప్తు అనకూడదు, 'జాతికి ఆసరా' అనాలని ఉత్తర్వు.) అంతవరకు మసీదువాళ్లు వాటి మీద పలక పరిచి, పోయినవాళ్లకు ఆఖరి స్నానం చేయించేవారు. గుమాస్తా రాములు మాత్రం పాతవాడే. ఏ రాజ్యం బల్ల మీదైనా అతని మోచేయి ఒకేలా ఆనేది.

ఒకరోజు అక్బర్ బీ అనే ముసలామె దగ్గుతూ వచ్చింది.

"రాములు బేటా, మసీదు కాళ్లు ఇచ్చెయ్. మా ఆయనకు గా కాళ్ల మీదనే స్నానమైంది. నాకు సుత గాడనే కావాలె."

"ఎవరు పోయిన్రు అమ్మా?"

"నేనే. ఇంకా పోలే. నీ కచేరీల ఆలస్యమైతదని జెర ముందే వచ్చిన."

రాములు నిబంధనలు తిరగేశాడు. "పోయినోళ్లే సొంతంగ వచ్చి వేలిముద్ర ఎయ్యాలె."

"సచ్చినంక ఎట్లొస్త బేటా?"

"గది మీ తక్లీఫ్. కాళ్లిస్తే బల్ల పడ్తది. బల్ల లేకుంటే కచేరీ లేదు. కచేరీ లేకుంటే..." రాములు మోచేతిని బల్లకు ఇంకాస్త ఆనించాడు. (బల్ల లేకుండా తాను ఎవరో అతనికి ఎప్పుడూ తెలియలేదు.)

"పరేషాన్ గాకు. ఒక్క పూటకే అడుగుతున్న. నేను మళ్ల మళ్ల సస్తనా ఏంది?"

ఆమె వేలిముద్ర వేసింది. 'మృతురాలు కాస్త ముందుగా హాజరు' అని రాములు రాసుకున్నాడు.

చలికాలంలో అక్బర్ బీ పోయింది. కాళ్లు మసీదుకు వెళ్లాయి, ఆమె కోరిక తీరింది. ఆ పూట రాములు తలుపును నేల మీద పరిపించి, తాను కుర్చీలోనే కూర్చున్నాడు. వచ్చినవాళ్లంతా మోకాళ్ల మీద వంగి వేలిముద్రలు వేశారు. ఎవరూ గొణగలేదు. కొందరు అలవాటైనట్టు ఇంకాస్త వంగారు.

సాయంత్రం మసీదువాళ్లు, మాట ప్రకారం, కాళ్లు తిరిగి తెచ్చారు.

"తీస్కపోండి," అన్నాడు రాములు. "కచేరీ గిట్లనే మంచిగ నిలబడ్డది."