మంచుదేశం నుంచి వచ్చిన పీత

పసిపిల్లలకు సొంతూరి కథలు చెప్పకూడదు. పరాయి దేశాల కథలే మేలు. ఈ సత్యం నాకు మా అమ్మాయి చదివే మద్దిలపాలెం నర్సరీ స్కూల్లో తెలిసింది.

ఎనభై మూడులో కరస్పాండెంటు గురునాథరావుగారు ‘పన్నెండు దేశాల జానపద కథలు’ అని సిలబస్ పెట్టారు. నెలకో దేశం. జనవరిలో మంచుదేశం వచ్చింది. మంచు ఎలా ఉంటుందో పిల్లలకేం తెలుసు? టీచరు నాగమణి ఫిషింగ్ హార్బరు నుంచి గోనెసంచిలో ఐసు తెప్పించి చూపించింది. అప్పట్నుంచీ మా పిల్ల లెక్కలో ఉత్తరధ్రువమంతా చేపల వాసనే. ఇంతకన్నా ప్రపంచజ్ఞానం ఏం కావాలండీ?

చిక్కల్లా ఆయా మదీనా బీతో వచ్చింది. పాతపోస్టాఫీసు వైపు మనిషి. మధ్యాహ్నం పిల్లలకు అన్నం తినిపిస్తూ, నక్కను బోల్తా కొట్టించిన పీతమ్మ కథ చెప్పేది. నానమ్మ దగ్గర విన్నదట. పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు, తెరిచిన నోట్లో ముద్ద పడేది. ఓ రోజు గురునాథరావుగారి చెవిన పడింది.

"ఇది ఏ దేశం కథ?"

"దేశమేటి బాబూ, మా ఈది కత."

"లిస్టులో మీ వీధి లేదు. ఇంకోసారి చెప్పావంటే ఉద్యోగం ఉండదు."

మదీనా బీ కథ మానేసింది. క్యారియర్లు నిండుగా ఇళ్ళకు రాసాగాయి. క్రమశిక్షణంటే అదీ.

స్కూలు వార్షికోత్సవానికి స్టీల్‌ప్లాంటు పని మీద వచ్చిన మంచుదేశపు ఇంజనీరుగారి భార్య అతిథి. ఏదైనా కథ చెప్పమని పిల్లల్ని అడిగింది. మా పిల్ల లేచి, పన్నెండు దేశాలూ మరిచిపోయి, పీతమ్మ కథ చెప్పేసింది. దుబాసీ చెబుతుంటే ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. గురునాథరావుగారు చెమటలు తుడుచుకున్నారు.

మరుసటేడు ఆ దేశం నుంచి పీత కథతో రంగురంగుల ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. జనవరి సిలబస్‌లో పీత చేరింది. నాగమణి ఇంగ్లీషులో బొమ్మలు చూపిస్తూ చెబుతుంటే, మదీనా బీ గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడిపోయింది. పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన నేను, ఎలా ఉందని అడిగాను.

"కత మాదే బాబూ. గానీ పీతమ్మకి ఎనిమిది కాళ్ళకీ బూట్లు తొడిగేసినారు." చీపురు గోడకానించి, "ఇప్పుడైనా నాను సెప్పొచ్చేటి?" అంది.

గురునాథరావుగారిని అడిగి వచ్చాను. నిక్షేపంగా చెప్పొచ్చట. కాకపోతే బూట్లతో సహా, ఇంగ్లీషులో చెప్పాలట.