ఖాళీకీ ఖాళీకీ సరిపడలేదు

రేవు దాటించే పంటు గోదావరి మధ్యలో ఇసకమేట ఎక్కి ఆగిపోవడం, ఎబినేజర్ జేబులో సెల్‌ఫోను మోగడం ఒక్కసారే జరిగాయి.

"మాష్టారండీ! నేనండీ, సూర్యావతినండీ, అంబాజీపేట నుంచి. కంప్యూటరు చీటీ ఇవ్వనంటోందండీ. ఎర్రక్షరాలు చూపిస్తోందండీ. బయట లారీవాడు హారన్ కొట్టి చంపేస్తన్నాడండీ!"

హారన్ ఎబినేజర్‌కీ వినబడింది. పక్కన కూర్చున్న అతని భార్య ఝాన్సీకి కూడా వినబడింది.

"పంటు ఎంతసేపట్లో కదులుతుందండీ?" అని పంటు నడిపే సరంగుని కేకేశాడు ఎబినేజర్.

"సముద్రం పోటు తగిలితే కదులుద్దండీ," అన్నాడు సరంగు, బీడీ వెలిగించుకుంటూ. "తగలాలి మరి."

నిజానికి ఆ ఉదయం ఎబినేజర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నరసాపురంలో బావమరిది ఇంట్లో టిఫిన్ తిని, పంటు మీద వశిష్ఠ దాటి, సఖినేటిపల్లిలో బస్సెక్కి అంబాజీపేటలో దిగాలి. కొబ్బరి వర్తకుడు వీరన్న కొట్లో, తాను రాసిన ప్రోగ్రాము మొదటి లారీ సరుకు చీటీ అచ్చు వేస్తుంటే పక్కన చేతులు కట్టుకుని వినయంగా నిలబడాలి. అది చూడ్డానికి వర్తకులు వస్తున్నారు. వాళ్లు తలూపితే ఊళ్లో ప్రతి కొట్లోనూ ఆ ప్రోగ్రామే. ఊపకపోతే మాత్రం, కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశానన్న సంగతి ఝాన్సీకి చెప్పాలి. ఆ సంగతి చెప్పడం కంటే గోదాట్లో దూకడం తేలికని అతని అభిప్రాయం.

ప్రోగ్రాము హాస్కెల్ అనే భాషలో రాశాడు. అది బొత్తిగా అనుమానం మనిషిలాంటి భాష. అందులో ప్రతి విలువకీ ఒక రకం, అంటే ఒక టైపు, ఉండాలి. ఒక రకం రావలసిన చోట ఇంకో రకం వస్తే గుమ్మంలోనే ఆపేస్తుంది. బతిమాలినా లోపలికి రానివ్వదు. ఎబినేజర్ దానిమీద మోజుపడడానికి కారణం కొబ్బరికాయ. వంద కాయలంటే అంబాజీపేటలో ఎవరూ వంద కాయలనుకోరు. పైన కొసరుంటుంది. ఆ కొసరు కొట్టు కొట్టుకీ మారుతుంది. ఈ కొట్టు వందనీ ఆ కొట్టు వందనీ కలిపి కూడితే తగాదా తప్పదు. అందుకని ఎబినేజర్ ఒక్కొక్క వర్తకుడి వందనీ ఒక్కొక్క రకంగా చేసి, ఆ రకానికి వర్తకుడి పేరే పెట్టాడు. ఏ కొట్లో ఏ రకం వంద నడుస్తుందో చెప్పే 'కొట్టు' అనే చిన్న ఫైలు ఒకటి వీరన్న కంప్యూటర్లోనూ, అతని అన్న రాజబాబు కొట్లో కంప్యూటర్లోనూ ఉంచాడు. దాన్ని మాడ్యూల్ అంటారు. ప్రోగ్రాము రోజూ పొద్దున్నే ముందు తన్ను తాను సరిచూసుకుంటుంది. తేడా లేకపోతేనే చీటీ.

"కంగారు పడకండి సూర్యావతిగారూ. తెర మీదున్నది ఉన్నట్టు చదవండి."

వీరన్న భార్య సూర్యావతి ఇంటర్ చదివింది. ఇంగ్లీషు అక్షరాలంటే భయంలేని మనిషి ఆ కొట్లో ఆవిడ ఒక్కర్తే. అందుకే కంప్యూటర్ ఆవిడ చేతికొచ్చింది.

"కుడ్ నాట్ మాచ్ ఎక్స్‌పెక్టెడ్ టైపు..." అని ఆగింది సూర్యావతి. చిన్న దగ్గు వినబడింది. "ఎగైనెస్ట్ ఇన్ఫర్డ్ టైపు..." మళ్లీ దగ్గు. "అంతేనండీ."

"అంతేనా? టైపు అన్న మాట తరవాత ఏముందండీ?"

"ఏదో ఉందిలెండి."

"ఖాళీగా ఉందా?"

"ఆయ్."

"అటూ ఇటూ చిన్న చిన్న గుర్తులేమైనా ఉన్నాయా?"

"ఆయ్, గుర్తులున్నాయండీ," అంది సూర్యావతి, హమ్మయ్య అన్నట్టు.

ఎబినేజర్ ముఖం వెలిగింది. ఆ భాషలో "ఏమీ లేదు" అనేది కూడా ఒక రకమే. దాన్ని ఖాళీ బ్రాకెట్లుగా రాస్తారు. దొరికిందనుకున్నాడు. మరుక్షణమే వెలుగు ఆరిపోయింది. రెండు చోట్లా ఖాళీయే అయితే పేచీ ఏమిటి? ఏమీ లేనిది రావాలట, ఏమీ లేనిదే వచ్చిందట, రెంటికీ సరిపడలేదట!

"ఖాళీకీ ఖాళీకీ సరిపడకపోవడమేమిటి?" అని పైకే అనేశాడు. "రావలసింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. కానీ రెండూ ఒకటే!"

ఎదుటి బల్ల మీద మల్కిపురం వెళ్లే కనకరత్నం అనే పెద్దావిడ ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. పంటు ఆగిన దగ్గర్నుంచి ఆవిడకి కాలక్షేపం లేదు. ఝాన్సీ వైపు వంగింది.

"ఎవరికమ్మా సరిపడంది? సంబంధమా?"

"కంప్యూటరండీ."

"కంప్యూటరబ్బాయా? మంచి సంబంధమేనే. మరేం, అటువైపోళ్లు మాట మార్చేరా?"

ఝాన్సీ ఏదో చెప్పేలోపే ఆ కబురు పంటు చివరిదాకా వెళ్లింది. అంబాజీపేటలో ఒక సంబంధం పీటలదాకా వచ్చి బెడిసిందనీ, చూపించిన పిల్ల ఒకర్తె, తెచ్చిన పిల్ల ఇంకొకర్తె అనీ, ఈ మాష్టారు మధ్యవర్తి అనీ స్కూటర్ల దగ్గరున్నవాళ్లు తేల్చేశారు.

ఎబినేజర్ ఇవేమీ వినే స్థితిలో లేడు. తప్పు పట్టాలంటే ఒక్కొక్క ముక్కే తీసేసి చూడాలని విద్యార్థులకి చెప్పిన పాఠం గుర్తొచ్చింది.

"సూర్యావతిగారూ, లారీ అనే ఫైలు తెరవండి. పైన ఇంపోర్ట్ అని మొదలయ్యే వరస ఉంటుంది. చెరిపేయండి. చెరిపేశారా? ఇప్పుడు మళ్లీ నడపండి."

"నడిపేనండీ. ఎర్రగానే ఉందండీ. నాట్ ఇన్ స్కోప్..." దగ్గు.

"ఏది నాట్ ఇన్ స్కోప్?"

"అంటే ఏమిటండీ దానర్థం?"

"ఆ పేరుగలవాళ్లెవరూ ఇక్కడ లేరని అర్థమండీ."

"అయ్యబాబోయ్! అంత మాటెందుకండీ మాష్టారూ! ఇప్పుడేగా టీ తాగి లారీ దగ్గరికెళ్లేరు!"

"ఎవరు?"

"ఎవరూ లేదులెండి," అంది సూర్యావతి గొంతు తగ్గించి.

ఎబినేజర్‌కి తల తిరిగింది. పంటు తిరుగుతోందేమోనని చూశాడు. అది ఎక్కడున్నది అక్కడే ఉంది.

"చూడండి, ఆ పేరేమిటో నాకు కావాలి. పేరు లేకుండా అలా రాయదు కంప్యూటరు."

"పేరుందండీ."

"ఏమిటి మరి?"

"మంచి పేరేనండీ."

ఫోన్‌లో హారన్ మళ్లీ మోగింది. దాని వెనక వీరన్న గొంతు ఉరిమింది. "ఏవయ్యిందే? వర్తకులంతా వచ్చి కూర్చున్నారు! సరుకు కొనే నాగపూర్ పార్టీ తరఫున సూర్యప్రకాశరావుగారు కూడా వచ్చేరు! చీటీ వస్తదా, దీన్ని కాలవలోకి తోసెయ్యమంటావా?"

ఆ కేకకి ఎబినేజర్‌లోని ఉపాధ్యాయుడు పారిపోయాడు. తొందరపడ్డవాడు మిగిలాడు.

"సూర్యావతిగారూ, ఇక మొహమాటం లేదు. టైపు అని ఎక్కడుంటే అక్కడ వరసలన్నీ తీసిపారెయ్యండి."

"అన్నీనా అండీ?"

"అన్నీ!"

సూర్యావతి చెప్పినట్టే చేసింది. కాసేపు టకటకమని చప్పుడు. తరవాత చిన్న ఏడుపు గొంతు.

"మాష్టారండీ, ఇందాకా ఒక్కటే ఉండేదండీ. ఇప్పుడు తెరంతా ఎర్రగా అయిపోయిందండీ. కిందకి దింపుతుంటే ఇంకా వస్తన్నాయండీ. కుంకం చల్లినట్టుందండీ."

"అయ్యో దేవుడా!" అని ఎబినేజర్ లేచి నిలబడ్డాడు. "దీన్ని నమ్ముకుని బంగారంలాంటి ఉద్యోగం వదిలేసుకున్నానే!"

అనేశాక గాని అర్థం కాలేదు, ఎక్కడ నిలబడి అన్నాడో.

ఝాన్సీ మెల్లగా తలెత్తి చూసింది. ఆవిడ అమలాపురం బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. క్లాసులో కూడా అలాగే చూస్తుందని పేరు.

"ఏమండీ. ఏ ఉద్యోగం?"

"అది... ఇంటికెళ్లేక..."

"పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని ఎక్కడికెళ్తన్నారు మరి ఇన్నాళ్లూ?"

"అంబాజీపేట."

"నేను కట్టిన వంకాయకూర కొబ్బరికొట్లో తింటన్నారా?"

"పోనియ్యమ్మా," అంది కనకరత్నం. "మధ్యవర్తిత్వంలో ఉజ్జోగాలు పోడం మామూలే."

ఝాన్సీ చెయ్యి చాపింది. ఎబినేజర్ ఆవిడ చేతిలో ఫోను పెట్టాడు. బ్యాటరీ గుర్తు ఒంటిగీతకి వచ్చింది.

"సూర్యావతిగారా? నేను మాష్టారి భార్యనండీ. మీరు చదువుతుంటే వింటానే ఉన్నాను. అక్కరకొచ్చే మాట దగ్గరే మీకు దగ్గొస్తోందేంటండీ?"

అవతల మళ్లీ దగ్గు.

"మనిద్దరం ఆడవాళ్లమేగా. మొదటి ఖాళీలో మీవారి పేరుందా?"

"ఆయ్," అంది సూర్యావతి. ఆ గొంతు సిగ్గుతో సగమైపోయింది. "ఎలా అంటామండీ నోటితో? పెళ్లైన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా అనలేదండీ. రేషన్ కార్డు రాసేవాడొచ్చినా పక్కింటావిడ చేత చెప్పించేను."

"మరి రెండోది?"

"మా బావగారిదండీ. మావారి అన్నగారు. ఆ పేరసలే అనకూడదు కదండీ."

ఝాన్సీ ఫోను కింద పట్టుకుని నవ్వు ఆపుకుంది. తరవాత భర్త వైపు తిరిగింది. "ఖాళీలు కావండీ మహానుభావా. రావలసింది వీరన్న. వచ్చింది ఆయన అన్నగారు."

ఎబినేజర్ నుదురు కొట్టుకున్నాడు. ఇంతసేపూ పగలగొట్టిన గోడలన్నీ కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. తలుపు మొదట్నుంచీ తెరిచే ఉంది.

ఫోను లాక్కున్నాడు. "సూర్యావతిగారూ! ఫోను స్పీకర్లో పెట్టండి. నేనిచ్చిన సీడీ పెట్టి, అందులో 'లారీ' ఫోల్డరు దించుకోండి. మీరు చెరిపినవన్నీ వచ్చేస్తాయి. 'కొట్టు' అనే ఫైలు మాత్రం ముట్టుకోకండి. అందులో ఏముందో అక్కడున్న అందరికీ నేను చెప్తాను. ప్రోగ్రాములో తప్పు లేదండీ! మీ కొట్టు ఫైలు తీసేసి, రాజబాబుగారి కంప్యూటర్లో ఉండే కొట్టు ఫైలు తెచ్చి అక్కడ పెట్టేరెవరో. సరుకు కొన్నది వీరన్నగారి వందకి. చీటీ రాయమంటున్నది రాజబాబుగారి వందకి. దానికి కొసరు తక్కువ. అందుకే ఒప్పుకోలేదు."

అవతల కుర్చీలు కదిలిన చప్పుడైంది. తీరిగ్గా, పొడి గొంతుతో ఒకాయన మాట్లాడాడు. సూర్యప్రకాశరావు.

"అంటే మాష్టారూ, రైతు దగ్గర లావు వందకి కొని, నాగపూర్ వాళ్లకి బక్క వందకి అంటగడదామనుకున్నారన్నమాట ఎవరో. అది మీ యంత్రం పట్టుకుంది."

"అంతేనండీ."

"ఏం వీరన్నగారూ?"

"అబ్బెబ్బే, నాకేం తెలుసండీ!" వీరన్న గొంతు ఉరమడం మానేసింది. "ఇంగ్లీషు ముక్క రాదు నాకు. వైరస్సో ఏదో అంటారు కదండీ, అదయ్యుంటది. లేకపోతే మాష్టారే పొరపాట్న మా అన్నయ్యది ఇక్కడ పెట్టేసుంటాడు. రాసింది ఆయనేగా? రెండు చోట్లా పెట్టింది ఆయనేగా?"

"నేను పెట్టలేదు!" అని ఎబినేజర్ గోదావరి అంతా వినబడేలా అరిచాడు.

"ఆగండి మాష్టారూ," అన్నాడు సూర్యప్రకాశరావు. "ఇందులో తేలాల్సింది ఒక్కటే. ఇది మీ పొరపాటైతే ఈ యంత్రం మా దరిదాపులకి రానివ్వను, ఊళ్లో ఇంకెవర్నీ కొననివ్వను. కాదూ, కావాలనే పెట్టిన దొంగ వందని ఇది పట్టుకుందంటే, మా పార్టీ సరుకు కొనే ప్రతి కొట్లోనూ పెట్టాల్సిందే. లేకపోతే లారీ పంపను. చెప్పండి. ఎవరు పెట్టేరు ఆ ఫైలు?"

లారీవాడు హారన్ మానేశాడు.

ఝాన్సీ ఫోనుకి దగ్గరగా జరిగి చెవి పెట్టింది. కనకరత్నం ఆవిడ భుజం మీదుగా చెవి పెట్టింది. ఆవిడ వెనక స్కూటర్ల వాళ్లు, వాళ్ల వెనక సరంగు. పెళ్లి ఎవరితో తేలుతుందోనని అందరికీ ఆత్రంగానే ఉంది.

"సూర్యావతమ్మా," అన్నాడు సూర్యప్రకాశరావు, "కంప్యూటర్ దగ్గర కూర్చునేది నువ్వు. నిన్న ఎవరు ముట్టుకున్నారో నీకు తెలియదా?"

"తెలుసండీ."

"ఏయ్," అన్నాడు వీరన్న మెల్లగా.

"రాత్రి భోజనాలకి ముందు, వాళ్లన్నగారింటి నుంచి చిన్న పుల్లలాంటిది తెచ్చి ఇందులో గుచ్చేరండీ. 'మా అన్నయ్య మనవరాలి ఫోటోలు' అన్నారు. ఒక్క ఫోటో కూడా రాలేదండీ."

"ఎవరు తెచ్చేరమ్మా?"

"ఆయనేనండీ."

"ఏ ఆయన? ఇక్కడ పదిమందిమున్నాం. నలుగురిలో పేరు పెట్టి చెప్పమ్మా. పాపం ఆ మాష్టారి అన్నం సంగతిది."

ఫోన్‌లో దగ్గు వినబడింది. ఎబినేజర్ కళ్లు మూసుకున్నాడు. మళ్లీ ఖాళీయే, అయిపోయింది అనుకున్నాడు. ఛార్జి అయిపోతోందని ఫోను చివరిసారిగా కీచుమంది.

"వీరన్న," అంది సూర్యావతి గట్టిగా, స్పష్టంగా. క్షణం ఆగి, "గారు" అని చేర్చింది.