మాస్టర్ ప్లానుకు మాటలు

సోమవారం పొద్దున సత్యనారాయణమూర్తి పెట్టుకున్న పనులు మూడే. రెండిడ్లీ తినాలి, గదికెళ్లి అనువాదం ముగించాలి, దాంతో ఫిల్మ్‌నగర్‌లో ఒక గల్లీని కాపాడాలి.

డబ్బింగ్ సినిమాలకు ముప్పై ఏళ్లుగా మాటలు రాస్తున్న మనిషి ఆయన. నగరానికి రాబోయే ఇరవై ఏళ్ల మాస్టర్ ప్లానును సవరిస్తున్న ఆఫీసువాళ్లు, ఆ ఇంగ్లీషు కాగితాలను జనానికి అర్థమయ్యే తెలుగులో రాయమన్నారు. పదకొండో పేజీలో ఆయన కలం ఆగిపోయింది. డబ్బింగ్ థియేటర్ వెనక గల్లీ మీదుగా అరవై అడుగుల రోడ్డట. పని లేని నెలల్లో ఆయన కడుపు చూసిన బాలమణి ఇడ్లీ బండి ఆ గల్లీలోదే.

చట్నీ వేస్తున్న ఆమె ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. “ఆదివారం కమ్యూనిటీ హాల్లో నేను రాసింది చదువుతారు బాలమణీ. గల్లీవాళ్లందర్నీ తీసుకురా” అని మాత్రం అన్నాడు.

“మీరు రాసిందా సారూ? ఒక్కలు ఇంట్ల ఉండకుంట తోల్కొస్త!”

రోడ్డు సంగతి కూడా అప్పుడే చెప్పేసి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఆదివారం సభలో అభ్యంతరాలు గట్టిగా వస్తే రోడ్డు పక్కకు జరుగుతుందని, తర్వాత వచ్చేవి లెక్కలోకి రావని ఆఫీసరు వరప్రసాద్ ముందే చెప్పాడు. అందుకని జనం గుండె మండేలా రాయాలనుకున్నాడు మూర్తి. రాస్తూ రాస్తూ పూనకం వచ్చేసింది. “అరవై అడుగుల దారి వస్తోంది. ఈ గల్లీ గుండెల మీదుగా వస్తోంది. పొద్దున్నే పొయ్యి వెలిగించే తల్లీ, రేపు ఎక్కడ వెలిగిస్తావు?” అని రాసుకుని తనే కళ్లు తుడుచుకున్నాడు. గల్లీ పేరూ సర్వే నంబరూ వాక్యం నడకకు అడ్డొస్తున్నాయని తీసి, చివరి పేజీలో పట్టికలో పెట్టాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. చదవాల్సిన గుమాస్తాకు గొంతు బొంగురుపోయింది. హీరోయిన్లకు గొంతు అరువిచ్చే లీలాకుమారి లేచి, “గురువుగారి డైలాగు నేను చెబుతానండీ” అంటూ మైకు అందుకుంది.

తల్లీ పొయ్యీ దగ్గరికి వచ్చేసరికి హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. ఆ వెంటనే ఈల పడింది. “ఒన్స్ మోర్!” అని వెనక వరసలు అరిచాయి. లీలాకుమారి మళ్లీ చెప్పింది, ఈసారి ఇంకాస్త వణుకుతో. చివరి పేజీ పట్టిక దాకా ఎవరూ వెళ్లనే లేదు.

మూర్తి కంగారుగా లేచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. పెద్దాయన అభివాదం చేస్తున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం పాటు ఆయన కూడా గల్లీని మరిచిపోయాడు. పేరు తెర మీద చూసుకోని మనిషికి చప్పట్లంటే ఎంత ఆకలో ఆ నిమిషమే తెలిసింది. అది తలచుకుంటే ఇప్పటికీ ఆయనకు సిగ్గేస్తుంది.

“అభ్యంతరాలేమైనా ఉన్నాయా అండీ?” అని వరప్రసాద్ మైకులో అడిగాడు.

డైలాగుల గురించి అడుగుతున్నాడనుకున్నారు. “లేవ్! ఏం లేవ్!” అని హాలంతా ఒక్క గొంతైంది. “ఉన్నాయండీ, నాకున్నాయి!” అని మూర్తి అరిచిన అరుపు ఈలల్లో కొట్టుకుపోయింది. జేబులో ఉన్న అభ్యంతర పత్రం తీయబోయేలోగా వరప్రసాద్ సభ ముగిసిందని ప్రకటించి, పరుగున వచ్చి శాలువా కప్పి చేతులు రెండూ పట్టుకున్నాడు. అన్నేళ్ల ఉద్యోగంలో తిట్లు పడని సభ అదే మొదటిదట పాపం.

బయట బాలమణి ఎదురొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “మస్తు రాసిన్రు సారూ! ఏడుపాగలే.”

“ఏడుపొస్తే చప్పట్లెందుకు కొట్టావమ్మా?”

“గంత మంచిగ ఏడిపిస్తే కొట్టమా?” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పాపం, గా గల్లీ ఏడుంటది సారూ?”

మూర్తి శాలువా తీసి మడత పెట్టాడు. “మనదే బాలమణీ” అన్నాడు.

మర్నాడు సభలో జరిగింది రాసిన మినిట్స్ కాపీ వచ్చింది: అభ్యంతరాలు లేవు, రోడ్డు ఉన్నది ఉన్నట్టే ఖాయం. ముప్పై ఏళ్లలో ఆయన రాసినది ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఓకే అవడం అదే మొదటిసారి.