మూడు చేతుల మహాయాజకుడు

మంగళవారం పొద్దున్న బెన్హర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజాం బజారుకు వెళ్లి, శనివారం జరగబోయే కూతురు షీబా ప్రధానానికి కుర్చీలూ షామియానా మాట్లాడి, కాలేజీ వేళకు తిరిగి రావడం. వియ్యాలవారు విజయనగరం నుంచి వస్తారు. పాస్టరు జ్ఞానానందంగారు ప్రార్థన చేసి, వాళ్లచేత పిల్లకు బైబిలూ ఉంగరమూ ఇప్పిస్తే సంబంధం ఖాయమైనట్టే. ఈ పథకాన్ని బెన్హర్ భార్య లీలారాణికి వివరించడం మొదలుపెట్టాడు. ఫిజిక్సు లెక్చరరు కాబట్టి షామియానా నీడ ఏ వేళకు ఎటు పడుతుందో కూడా చెప్పాడు. మధ్యలో ఆవిడ ఏదో అనబోతే చూపుడువేలు ఎత్తి ఆపాడు. అంతా అయ్యేసరికి టీ మీద మీగడ కట్టింది.

"షామియానా నిన్ననే మాటాడీసినానండి," అంది లీలారాణి.

అందుకని బెన్హర్ బజారుకు వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఇంట్లో ఉండబట్టి పోస్టులో వచ్చిన మాసపత్రికను తనే అందుకున్నాడు. అందులో ఆయన రాసిన సైన్స్ ఫిక్షన్ కథ అచ్చయింది. ఆ సంతోషంలో కనబడిన మొదటి మనిషికి పత్రిక ఇచ్చేశాడు. ఆ మనిషి పక్కింటి స్వర్ణ. చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు.

కథలో గుమ్రా అనే ఆయన ఎక్కడో దూరపు గ్రహంలో మహాయాజకుడు. ఆకుపచ్చ చర్మం, మెడ పక్కన చేపకున్నట్టు మొప్పలు, మూడు చేతులు. వేషం ఎవరైనా కట్టగలరు, బెన్హర్ గర్వమంతా ఆ పాత్ర స్వభావం గురించి. గుమ్రా ఎవరినీ తిట్టడు, కొట్టడు. వివరిస్తాడు. భక్తులు ఆకలితో కంచాల ముందు కూర్చుంటే, అన్నం ఎందుకు తినాలో ఆయన చెప్పడం అయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది. ఎవరైనా నోరు విప్పబోతే మూడు చేతుల వేళ్లూ పైకి లేస్తాయి. ఆయన చూపిన దారిన నడిచి జనమంతా గోతిలో పడితే, అంచున నిలబడి "నేను మొదట్నుంచీ చెప్పిందీ అదే" అంటాడు. ఇటువంటి జీవి భూమ్మీద ఉండే వీలే లేదని బెన్హర్ నమ్మకం.

సాయంత్రానికి స్వర్ణ పత్రిక పట్టుకుని వచ్చింది. "తమ్ముడూ, మన పాస్టరయ్యగారిని ఇలగ రాసీసినావేటి?"

"అయ్యగారెవరు? ఇది గుమ్రా. ఆరునెల్లు ఆలోసించి పుట్టించినాను."

"వాక్యం సెప్పినప్పుడు అయ్యగారు వేలెత్తరా? ప్రార్థన మొదలెడితే కూర సల్లారిపోదా?"

"మరి మొప్పలో?" అని బెన్హర్ మండిపడ్డాడు. "అయ్యగారికి మొప్పలున్నాయా?"

మొప్పల సంగతి స్వర్ణ పట్టించుకోలేదు. బెన్హర్‌కు ఒళ్లు మండిపోయింది. పాస్టరుగారిని అవమానించాడన్నందుకు కాదు. తనకు ఊహ అన్నది ఉంటుందని రాజాంలో ఒక్కరూ నమ్మనందుకు.

స్త్రీల సమాజంలో చాడీలు నిషిద్ధం. అక్కడ ఎవరి గురించీ ఎవరూ మాట్లాడుకోరు, ప్రార్థన మాత్రమే చేస్తారు. బుధవారం స్వర్ణ కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ సేవకుడికి మూడు సేతులు పెట్టిన మా తమ్ముడికి మంచి మనసు దయసెయ్యి," అంది. అందరూ ఆమెన్ అని కళ్లు తెరిచి, ఆ భారాన్ని ఎవరింటికి వాళ్లు మోసుకుపోయారు. గురువారం ఎచ్చెర్లలో జరిగిన ప్రార్థన కూడికలో, మూడు చేతుల యాజకుడి వెంట పోతున్న ఒక సహోదరుడి కోసం ప్రార్థించారు. శుక్రవారానికి ఆ ప్రార్థన విజయనగరం చేరింది. అక్కడ, ఇంట్లోనే కొత్త మతం పెట్టుకున్న ఒక లెక్చరరు కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు. తలా కాస్త ఎక్కువ బాధపడ్డారు, అంతే.

ఆ మధ్యాహ్నమే షీబాకు కాబోయే అత్తగారు అరుణశ్రీ లీలారాణికి ఫోన్ చేసింది.

"వదినా, మీ ఇంట్లో మూడు సేతులాయనకి మొక్కుతన్నారట. పిల్ల బంగారమే, కాదన్ను. గానీ రేపు మీ పాస్టరుగారు అందరి ముందూ లేచి, ఈయన మా సంఘస్థుడే అని సెప్పాల. సెప్తేనే ఉంగరం బయటికి తీస్తాం."

షీబా అది విని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కుర్రాడు ఆ పిల్లకు నచ్చినవాడు.

"ఎల్లి అయ్యగారి కాళ్లమీద పడండి," అంది లీలారాణి.

"నేనేటి తప్పు సేసినానని? లేనోణ్ణి పుట్టించినందుకా?" అని బెన్హర్ గింజుకున్నాడు. కానీ మూసిన తలుపు చూసి స్కూటరు తీశాడు.

పాస్టరుగారు అసలు ఆ కథే చదవలేదు. బెన్హర్ వెళ్లి చాలాసేపు వివరించాక, ఆయన ముఖం మెల్లగా మాడిపోయింది.

"అంటే, నలుగురూ నేనేనని అనుకుంతన్నారా? పత్రిక ఇలగియ్యి. రేపు అక్కడే సెప్తాను."

ఆయన ఏం చెబుతారో తెలియక, ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు.

శనివారం షామియానా కింద వియ్యాలవారు బిగుసుకుని కూర్చున్నారు. వెనక బిర్యానీ గిన్నెలు పొగలు కక్కుతున్నాయి. అరుణశ్రీ ఉంగరం పెట్టెను పర్సులోనే ఉంచి, పర్సును రెండు చేతులా పట్టుకుంది. షీబా తల ఎత్తలేదు. జ్ఞానానందంగారు పత్రిక పట్టుకుని లేచారు.

"ఇందులో ఏ మతమూ లేదు. ఇది వట్టి కథ, బెన్హర్ మన సంఘస్థుడే," అన్నారు. "నాకు నిద్దరపట్టనిది వేరే సంగతి. రెండుసార్లు సదివినాను. పొడుగు ప్రార్థన నిజమే, వేలెత్తడమూ నిజమే. ఆఖరికి మా ఇంటావిడకి ఇచ్చినాను. సదివి, ఇది మీరు కాదండీ, మీరు తప్పు సేస్తే ఒప్పుకుంతారు అన్నాది. కాబట్టి, ఇది నేను కాదు."

బెన్హర్‌కు ప్రాణం లేచివచ్చింది. నాలుగు రోజుల ఉక్రోషమంతా ఒక్కసారి పైకి తన్నింది. నిటారుగా నిలబడి, చూపుడువేలు ఎత్తి, షామియానా అంతా వినబడేలా అన్నాడు:

"నేను మొదట్నుంచీ సెప్పిందీ అదే."

జ్ఞానానందంగారు ఆ వేలి వంక చూశారు. తర్వాత చేతిలోని పత్రిక వంక చూశారు. కథ చదివినవాళ్లందరూ వేలి వంకే చూస్తున్నారు. ముందుగా షీబా భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోవడానికి చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏటి వదినా," అంది అరుణశ్రీ, ఆ వేలినీ షీబా నవ్వునూ మార్చి మార్చి చూసి, "మూడు సేతులాయన ఈయనేనా?"

"పెళ్లయిన కాడి నుంచీ సల్లారిపోయిన కూడే తింతన్నాను వదినా," అంది లీలారాణి.

"ఓస్, ఇంతేనా. ఇలాంటాయన మా ఇంట్లోనూ ఉన్నాడు," అని అరుణశ్రీ ఉంగరం పెట్టె తీసి కొడుకు చేతిలో పెట్టింది. జ్ఞానానందంగారు కూడా ఆనాటి ప్రార్థనను రెండు ముక్కల్లో ముగించారు. ఉంగరం తొడిగేశారు. అందరూ బిర్యానీ వైపు లేవబోయారు.

"ఒక్క నిమిషం," అన్నాడు బెన్హర్. కోపంగా మళ్లీ వేలెత్తాడు. "కూకోండి అందరూ. గుమ్రాకీ నాకూ ఉన్న తేడాలు సెప్తాను."

ఆయన చెప్పడం ముగించేసరికి బిర్యానీని మళ్లీ పొయ్యి ఎక్కించాల్సి వచ్చింది.