వి. హాకడే, కుడి మోకాలు

బుధవారం పొద్దున వెర్నన్ హాకడే వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి హోటల్ దగ్గర ఆ కుర్రాణ్ణి కారెక్కించుకోవాలి. ఎముకల క్లినిక్‌కు తీసుకెళ్లి కుడి మోకాలికి స్కాన్ తీయించాలి. ఎలాగూ వెళ్తున్నాడు కాబట్టి, మూడేళ్లుగా ఏడిపిస్తున్న తన కుడి మోకాలిని కూడా అదే గంటలో చూపించేసుకోవాలి. మధ్యాహ్నానికి ఆఫీసు చేరాలి. కుర్రాడి స్కాన్‌లో ఏదైనా చెడు కనిపిస్తే లోలోపల సంతోషించాలి.

వెర్నన్ టొలీడో హెరాన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు పందొమ్మిదేళ్లుగా ఆటగాళ్లను వెతికిపెడుతున్నాడు. మర్నాడే, గురువారం సాయంత్రం, జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే రోజు. హెరాన్స్‌ది పదకొండో వంతు. ఆ వంతులో వాన్స్ హాకడే అనే అలబామా కుర్రాణ్ణి తీసుకోవాలా వద్దా అని ఆఫీసులో రెండు నెలలుగా రగడ. బంతి చంకన పెట్టుకుని వాన్స్ పరుగందుకున్నాడంటే నలుగురు కలిసినా పడగొట్టలేరు. కానీ నవంబర్‌లో మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. అతుక్కుంటే బంగారం. అతుక్కోకపోతే మొదటి విడత అవకాశం గంగలో కలిసినట్టే.

తీసుకుందామని పట్టుబట్టినవాడు గ్రేడన్ మీక్స్. వయసు ఇరవై తొమ్మిది, వచ్చి రెండేళ్లు. కిటికీ ఉన్న గది అతనికే ఇచ్చారు. అతను జోకేస్తే మేనేజర్ క్లాసెన్ బల్ల చరిచి నవ్వుతాడు. అవే జోకులు వెర్నన్ ఎప్పుడో వేశాడు, ఎవరూ నవ్వలేదు. అంతకన్నా మండేదేమిటంటే, పదిహేడేళ్లపాటు వెర్నన్‌తో కలిసి మధ్యాహ్న భోజనం చేసిన క్లాసెన్ ఇప్పుడు గ్రేడన్‌తో వెళ్తున్నాడు. వాళ్లిద్దరూ తిరిగొచ్చినప్పుడు వేయించిన చేపల వాసన వెర్నన్ బల్లదాకా వచ్చేది. వాన్స్ వద్దు అని వెర్నన్ వాదించడానికి మోకాలు రెండో కారణం.

కారులో కుర్రాడు ముందు సీటంతా నిండిపోయి కూర్చున్నాడు.

"మన ఇంటిపేరు ఒకటే సార్. చుట్టాలమేమో!" అన్నాడు నవ్వుతూ.

"అయ్యుండదు," అన్నాడు వెర్నన్.

"మా అమ్మ అప్పుడే అందరికీ చెప్పేసింది, టొలీడోలో మనవాళ్లున్నారని. సిటీ బస్సు నడుపుతుంది సార్ అమ్మ. రేపు టీవీలో నా పేరు పిలుస్తారని చర్చి హాలు మొత్తం మాట్లాడి పెట్టింది. పిలవకపోతే ఎలాగే అంటే వినదు."

క్లినిక్ దగ్గర కుర్రాడు చెంగున దిగాడు. వెర్నన్ తలుపు పట్టుకుని, ఒక కాలు బయటపెట్టి, కాసేపు ఊపిరి తీసుకుని, రెండో కాలు బయటపెట్టాడు. ఆ చెంగును చూసి కూడా అతనికి కడుపు మండింది.

గంటన్నర తర్వాత కౌంటర్‌లో రెండు పసుపు కవర్లు ఇచ్చారు. రెండింటి మీదా 'వి. హాకడే, కుడి మోకాలు' అని ఉంది. పుట్టిన సంవత్సరం మాత్రం లోపల స్కాన్ మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఏది ఎవరిదో కౌంటర్‌లో అమ్మాయి వివరంగానే చెప్పింది. ఆ సమయంలో వెర్నన్ ఫోన్‌లో గ్రేడన్ పంపిన ఫొటో చూస్తున్నాడు. క్లాసెన్, గ్రేడన్ కాఫీ కప్పులు పట్టుకుని నవ్వుతున్నారు. 'త్వరగా రండి, ఎదురుచూస్తున్నాం' అని కింద రాసుంది. వెర్నన్ పళ్లు నూరుకుంటూ కుర్రాణ్ణి హోటల్లో దించి, ఒక కవరు దారిలో తన డాక్టరు దగ్గర పడేసి, రెండోది ఆఫీసుకు తీసుకెళ్లాడు.

జట్టు డాక్టర్ అప్‌చర్చ్ ఆ స్కాన్‌ను గోడ మీద పెద్దదిగా వేసి చూపించింది. పెద్దది చేయడంలో మూలలు తెర దాటి పోయాయి. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇది ఇరవై రెండేళ్ల మోకాలా? మృదులాస్థి మొత్తం అరిగిపోయింది. అతికించిన లిగమెంట్ జాడే లేదు. ఆపరేషన్ చేసిందంతా ఎటుపోయిందో! పరుగు మాట అటుంచండి, వీడికి మెట్లెక్కడమే కష్టం."

గ్రేడన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "నేను స్వయంగా చూశాను డాక్టర్, పోయిన నెల దూకుతున్నాడు!"

"దూకుతాడు బాబూ," అన్నాడు వెర్నన్, గొంతులోకి జాలి తెచ్చుకుని. "దూకినరోజు తెలీదు. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. మోకాలి కింద పొడిచినట్టుంటుంది. వాన రేపు వస్తుందనగా ఇవాళే లాగుతుంది. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి."

"నీకెలా తెలుసయ్యా ఇంత వివరంగా?" అన్నాడు క్లాసెన్ ఆశ్చర్యంగా.

"అనుభవం బాస్."

క్లాసెన్ లేచి గోడ మీది పట్టికలోంచి వాన్స్ పేరు తీసేశాడు. తర్వాత వెర్నన్ భుజం మీద చెయ్యేసి, "పద, భోజనానికి పోదాం," అన్నాడు. రెండేళ్ల తర్వాత తిన్న ఆ వేయించిన చేప అమృతంలా ఉంది. అంత ఆనందాన్ని ఒక్కడే మోయలేక, వెర్నన్ కారులో కూర్చుని మెంఫిస్ జట్టులో పనిచేసే పాత స్నేహితుడు ఓటిస్ ప్రాథర్‌కు ఫోన్ చేశాడు. వాన్స్ మోకాలిని, నడకను, కాలేజీని, వాణ్ణి మెచ్చుకున్నవాళ్లను కలిపి నలభై నిమిషాలు దులిపేశాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య డోరీన్ వంటింటి బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. ముందు పసుపు కవరు.

"డాక్టర్ ఫోన్ చేస్తే వెళ్లి తెచ్చుకున్నాను. నీ మోకాలు కుర్రగుర్రం మోకాల్లా ఉందట. ఆపరేషన్ అద్భుతంగా అతుక్కుందట."

"ఆపరేషనా?"

"అదే నేనూ అడుగుతున్నా! ఐదారు నెలల కిందట చేసుంటారన్నాడు. నవంబర్‌లో అలబామాలో తొమ్మిది రోజులు ఆటలు చూడ్డానికని వెళ్లావే, అప్పుడు కదూ? పెళ్లానికి చెప్పకుండా కోయించుకుని వస్తావా? పక్కన ఎవరున్నారు? మంచినీళ్లు ఎవరిచ్చారు? పేరు చెప్పు!"

వెర్నన్‌కు విషయం అప్పుడు అర్థమైంది. గోడ మీద అందరూ చూసింది తన మోకాలు. నిజం చెబితే డోరీన్ ఆ రాత్రే క్లాసెన్ భార్యకు ఫోన్ చేస్తుంది. తెల్లారేసరికి గ్రేడన్ మళ్లీ గెలుస్తాడు. చేప భోజనం మళ్లీ గ్రేడన్‌దవుతుంది. ఆడమనిషి పేరు చెబితే ప్రాణానికే ముప్పు. నోటికి ఒకే ఒక్క పేరు వచ్చింది. రోజంతా బుర్రలో తిరిగే పేరు అదే మరి.

"గ్రేడన్," అన్నాడు. "గ్రేడనే చూసుకున్నాడు."

డోరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ అబ్బాయినా? నువ్వు రోజూ తిట్టిపోసే ఆ అబ్బాయినా? తొమ్మిది రోజులు నీకు సేవ చేశాడా?"

"చేశాడు," అన్నాడు వెర్నన్. ఇంత చేదుమాట అతను జీవితంలో అనలేదు.

గురువారం సాయంత్రం హెరాన్స్ గదిలో అందరూ టీవీకి అతుక్కుపోయారు. ఏడో వంతు దగ్గర టీవీలో అలబామా చర్చి హాలు చూపించారు. వాన్స్ తల్లి ఊదారంగు టోపీ పెట్టుకుని, ఆ పొద్దునే విమానంలో ఇల్లు చేరిన కొడుకు పక్కన, ముందు వరసలో కూర్చుంది. ఒక్కో వంతులో వేరే పేరు వినబడగానే ఆవిడ కొడుకు చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకునేది. వెర్నన్ చూపు తిప్పుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ చూశాడు. 'వాడికేం, ఎవరో ఒకరు తీసుకుంటారులే,' అనుకున్నాడు. టీవీలో ఇంకో పేరు వినబడింది. ఇక లాభం లేదని "బాస్, ఒక మాట..." అంటూ లేవబోయాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో 'రూబార్బ్ పై' అనే తీపి వంటకం పళ్లెం, ఇంకో చేతిలో పసుపు కవరుతో డోరీన్.

"గ్రేడన్ ఎవరు బాబూ? నువ్వేనా? నీ ఋణం ఎలా తీర్చుకోను నాయనా! మా ఆయన మోకాలి ఆపరేషన్ అప్పుడు తొమ్మిది రోజులు కన్నకొడుకులా చూసుకున్నావట!"

గ్రేడన్ పళ్లెం అందుకుని బిత్తరపోయి చూశాడు. "ఆపరేషన్ ఏంటండీ? ఎవరికి?"

"ఎంత వినయమో చూడండి! ఇదిగో స్కాన్. ఎంత చక్కగా అతుక్కుందో మీరే చూడండి."

డాక్టర్ అప్‌చర్చ్ ఆ కవరులోంచి స్కాన్ తీసింది. కళ్లజోడు సవరించుకుని మూలనున్న చీమ తలకాయంత అక్షరాలు చదివింది. తర్వాత నిన్నటి స్కాన్ తెప్పించుకుని దాని మూల కూడా చదివింది. "అయ్యో రామా," అనగల భాష ఆవిడకు లేదు గానీ, అంతకు సమానమైనదేదో అంది.

"కవర్లు మారాయని ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు క్లాసెన్.

'ఇప్పుడే' అనొచ్చు. వెర్నన్ టీవీలోని ఊదారంగు టోపీని చూశాడు.

"నిన్న సాయంత్రం నుంచి."

డోరీన్ భర్త వైపు తిరిగింది. "అంటే ఆపరేషనే జరగలేదా? ఆ తొమ్మిది రోజులూ నిజంగా ఆటలే చూశావా?"

"నిజంగా ఆటలే చూశాను."

ఆమె ముఖంలో ఊరటతోపాటు కొంచెం నిరాశ కూడా కనబడింది. వెర్నన్ పళ్లెం వైపు చెయ్యి చాపాడు. డోరీన్ ఆ చెయ్యి నెట్టేసి, "తెచ్చింది ఈ అబ్బాయికి. తిను నాయనా," అంది.

పదకొండో వంతు పది నిమిషాల్లో ఉంది. "తీసుకోండి బాస్," అన్నాడు వెర్నన్. "ఇప్పుడే తీసుకోండి. వాడు ఆణిముత్యం. నేను కుళ్లుకుని అన్నాను, అంతే."

"తొందరెందుకు?" అన్నాడు గ్రేడన్, నోట్లో ముక్క నములుతూ. "మోకాలు పోయిందని వెర్నన్ గారు ఈపాటికి ఊరంతా చెప్పుంటారు. చెప్పారా లేదా?"

"ఓటిస్‌కు చెప్పాను," అన్నాడు వెర్నన్ నేల చూస్తూ.

"ఓటిస్‌కు చెబితే దేశానికి చెప్పినట్టే. ఇక వాన్స్‌ను ఎవరూ ముట్టుకోరు. ఇప్పుడు ఇంకొకణ్ణి తీసుకుని, రేపు రెండో విడతలో వాన్స్‌ను చవగ్గా తెచ్చుకుందాం."

"వద్దు బాస్! రెండు నెలలు వీడు మొత్తుకుంది నిజం, ఇప్పుడు అంటున్నది తప్పు!"

క్లాసెన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అలవాటు ప్రకారం గ్రేడన్ మాట విన్నాడు. హెరాన్స్ పదకొండో వంతులో ఐయోవా నుంచి గోడలాంటి కుర్రాణ్ణి తీసుకుంది. పన్నెండు గడిచింది. పదమూడో వంతులో మెంఫిస్ జట్టు వాన్స్ హాకడే పేరు పిలిచింది. చర్చి హాల్లో ఊదారంగు టోపీ గాల్లోకి ఎగిరింది.

ఐదు నిమిషాలకు వెర్నన్ ఫోన్ మోగింది. క్లాసెన్ దాన్ని లాక్కుని అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు.

"వెర్నన్, నువ్వు చల్లగా ఉండాలిరా!" ఓటిస్ గొంతు ఖంగుమంది. "మావాళ్లంతా మోకాలు మోకాలని ఒకటే భయం. నేనొక్కణ్ణే చెప్పాను: పనికిరానివాడి గురించి మావాడు రెండు ముక్కలకు మించి మాట్లాడడు, వీడిని నలభై నిమిషాలు తిట్టాడూ అంటే వీడు ఖాయంగా మొనగాడూ అని. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, నీ కుళ్లు ఒక్కసారి కూడా తప్పలేదు!"

క్లాసెన్ ఫోన్ కట్ చేసి వెర్నన్ చేతిలో పెట్టాడు. గ్రేడన్ తన చేతిలోని పళ్లెం నెమ్మదిగా బల్ల మీద పెట్టేశాడు. ఇంటికెళ్లే దారిలో డోరీన్ కారు తనే నడిపింది. వెర్నన్ కిటికీలోంచి చూస్తూ, తల్లి కోసం వాన్స్‌కు మనసులోనే అభినందనలు చెప్పుకున్నాడు. ఓటిస్‌కు మాత్రం చెప్పలేకపోయాడు.

వెర్నన్ ఉద్యోగం పోలేదు. కాకపోతే ఆ సోమవారం నుంచి హెరాన్స్ ఆఫీసులో ఆటగాళ్ల నివేదిక పత్రంలో ఎత్తు, బరువు, వేగం తర్వాత కొత్త గడి ఒకటి చేరింది: 'వెర్నన్‌కు కడుపుమంట: లేదు, కొంచెం, భరించలేనంత.'